ఒడి అడిగితే నక్షత్రం

అలాస్కా రాష్ట్ర జెండా మీద ఎనిమిది బంగారు రంగు చుక్కలు తప్ప ఇంకేమీ లేవు. ముదురు నీలం గుడ్డ, దాని మీద సప్తర్షి మండలం, కుడివైపు పైమూలన కొంచెం పెద్దదిగా ధ్రువ నక్షత్రం. కిరీటం లేదు, కత్తి లేదు, ఒక్క అక్షరం లేదు. ఇది గీసినవాడు బెన్నీ బెన్సన్ అనే ఏడో తరగతి పిల్లవాడు. పుట్టింది చిగ్నిక్ అనే చిన్న జాలరి పల్లెలో. తల్లి అక్కడి అలూట్ తెగ, రష్యన్ వంశాలు కలిసిన మనిషి, తండ్రి స్వీడన్ నుంచి వచ్చినవాడు. వాడి పసితనంలోనే తల్లి పోయింది. పెంచలేక తండ్రి పిల్లల్ని జెస్సీ లీ హోమ్ అనే అనాథాశ్రమంలో చేర్పించాడు. మెథడిస్టు చర్చి వాళ్ళు నడిపే ఆ ఆశ్రమం మొదట ఉనలాస్కా దీవిలో ఉండేది, తరవాత సీవార్డ్ రేవుకి మారింది. 1927లో బడిపిల్లలకి జెండా పోటీ పెట్టినప్పుడు వందల బొమ్మల్లోంచి వీడి బొమ్మ ఎంపికైంది. చదువుకోడానికి 1,000 డాలర్లూ, ఒక బంగారు గడియారమూ ఇచ్చారు.

బొమ్మతో పాటు వాడొక చిన్న వివరణ కూడా రాసిచ్చాడు. నీలం రంగు ఆకాశానికీ, అక్కడ పూసే ఫర్గెట్ మి నాట్ పువ్వుకీ గుర్తట. ఆ ఏడు చుక్కలు పెద్ద ఎలుగుబంటి బలానికి గుర్తు. ధ్రువ నక్షత్రం మాత్రం, అమెరికాలో అన్నిటికంటే ఉత్తరాన ఎప్పటికైనా ఏర్పడబోయే రాష్ట్రానికి. ఆ రాష్ట్రం 1959 జనవరి 3న ఏర్పడింది. అంటే జెండా పుట్టిన 32 ఏళ్ళకి.

ఆ వివరణలో అమ్మ మాట లేదు, ఆశ్రమం మాట లేదు. వాడి మనసులో ఏముందో నాకు తెలిసినట్టు నేను రాయను. కానీ పెంచుకునే ఒడి కరువైన పసివాడు, చుట్టూ తిరిగే ఏడుగురు ఋషులు, మధ్యలో కదలని చోటు, ఈ మూడూ ఒక్కచోట చేరితే పోతన భాగవతం విన్న తెలుగువాళ్ళకి నాలుగో స్కంధం గుర్తురాకుండా ఉంటుందా?

మా అమ్మాయి ఆంకరేజ్‌లో ఉంటుంది. మనవరాలికి బళ్ళో ఈ జెండా గీయమన్నారు. అది గీస్తుంటే పక్కన కూచుని ధ్రువుడి కథ చెప్పాను. ఉత్తానపాదుడి ఒళ్ళో తమ్ముడు ఉత్తముడు కూచోవడం, ధ్రువుడు ఎక్కబోతే సవతితల్లి సురుచి నా కడుపున పుట్టి ఉంటేనే నీకా యోగ్యత అనడం, సునీతి దగ్గరికి ఏడుస్తూ పోవడం, దారిలో నారదుడు, మధువనం, తపస్సు, విష్ణువు ప్రత్యక్షమై శంఖంతో చెక్కిలి నిమరడం. చివరికి సప్తర్షులు ప్రదక్షిణం చేసే చోటు ఇచ్చాడని ముగించాను. అది పెన్సిల్ పక్కన పెట్టి, "అమ్మమ్మా, వాడు అడిగింది డాడీ ల్యాప్ కదా. దేవుడు స్టార్ ఎందుకిచ్చాడు?" అంది.

నేను బళ్ళో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. పిల్లల ప్రశ్నలకి అలవాటు పడ్డదాన్నే. అయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇది దేవుడి మీద వేసిన ప్రశ్న. ఏడుస్తున్న పసివాడికి ఎప్పటికీ చలించని పదవి ఇవ్వడం దయేనా? మనిషికి అసలు కావలసింది కదలనిదేనా?

మా నాన్నగారు దివిసీమలో పౌరోహిత్యం చేసేవారు. పెళ్ళిళ్ళలో దంపతుల్ని బయటికి తీసుకొచ్చి ధ్రువ నక్షత్రాన్నీ, అరుంధతినీ చూపించేవారు. మా వైపు ధ్రువుడు ఆకాశంలో బాగా కిందికి ఉంటాడు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే, దిగంతం నుంచి ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తు, అంతే. కొబ్బరిచెట్టు అడ్డమొచ్చినా కనపడడు. నాన్నగారు వేలు చూపించిన దిక్కుకి దణ్ణం పెట్టుకునేవాళ్ళం. సప్తర్షులు కూడా మాకు ఏడాదిలో కొన్నాళ్ళు సాయంత్రాలే దర్శనమిస్తారు, కార్తీకంలో ఆ వేళకి దిగంతం కిందికి పోతారు. అంచేత ప్రదక్షిణం మొత్తం కళ్ళతో చూసే వీలు మాకు లేదు. ఆంకరేజ్‌లో ధ్రువుడు ఆరు పిడికిళ్ళ ఎత్తున ఉంటాడు. సప్తర్షులు ఎప్పుడూ అస్తమించరు. చలికాలంలో రాత్రి ఏడింటికి ఒకసారి, తెల్లవారుజామున ఇంకోసారి కిటికీలోంచి చూస్తే, ఆ ఏడుగురూ ధ్రువుడి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి చేరి ఉంటారు. వసిష్ఠుడి పక్కన అరుంధతి సన్నగా కనిపిస్తుంది. బెన్నీ ఆవిణ్ణి గీయలేదు. పురాణం చెప్పిన దృశ్యాన్ని పూర్తిగా చూడ్డానికి నేను అంత ఉత్తరానికి పోవలసి వచ్చింది.

పోతే, కదలని చోటు అనే మాట ఎంతవరకు నిజం? మైత్రాయణీ ఉపనిషత్తు మొదట్లో బృహద్రథుడనే రాజు కొడుక్కి రాజ్యం అప్పగించి అడవికి పోతాడు. శాకాయన్యుడనే ముని వరం కోరుకోమంటే, శరీరం సంగతీ లోకం సంగతీ ఏకరువు పెట్టి, ఏదీ నిలిచేది కాదంటాడు. గొప్ప గొప్ప రాజులే పోయారంటాడు, కొండలు కూలడం, నేల మునిగిపోవడం చెబుతాడు. ఆ వరసలోనే ధ్రువుడు చలించడం కూడా చెబుతాడు. అన్ని వందల ఏళ్ళ కిందట ఆ మాట అనగలిగిన రాజు గుండెధైర్యానికి నేను నమస్కారం పెడతాను. ఎందుకంటే అది నిజం. భూమి ఇరుసు దాదాపు 26,000 ఏళ్ళకి ఒక చుట్టు తిరుగుతుంది. ఆ తిరుగుడులో ధ్రువస్థానం ఒక నక్షత్రాన్ని వదిలి మరో నక్షత్రం దగ్గరికి పోతుంది. సుమారు 4,700 ఏళ్ళ కిందట ఆ చోట ఉన్నది థూబన్ అనే వేరే నక్షత్రం. ఇప్పుడు మనం ధ్రువుడంటున్నది కూడా సరిగ్గా కేంద్రంలో లేదు, ఒక డిగ్రీ కంటే తక్కువ దూరంలో తనూ చిన్న చుట్టు చుడుతూనే ఉంటుంది. భాగవతం ఆ చోటు కల్పాంతం దాకా చెక్కుచెదరదంటుంది. ఉపనిషత్తు అదీ కదులుతుందంటుంది. రెండూ మన గ్రంథాలే.

బృహద్రథుడు చెప్పిన కొండలు కూలడం, నేల మునిగిపోవడం అలాస్కాలో జరిగినవే. 1958 జులై 9న భూకంపానికి లిటుయా అఖాతంలో కొండచరియ విరిగి నీళ్ళలో పడితే, ఎదుటి కొండ మీద 524 మీటర్ల ఎత్తు దాకా అడవిని నీళ్ళు ఊడ్చుకుపోయాయి. 1964 మార్చి 27, గుడ్ ఫ్రైడే సాయంత్రం, 9.2 తీవ్రతతో నాలుగు నిమిషాలకు పైగా భూమి కంపించింది. కొలతలు మొదలైనాక దాన్ని మించింది 1960లో చిలీలో వచ్చిన భూకంపం ఒక్కటే. కొన్ని చోట్ల నేల మనిషిని మించిన ఎత్తు కుంగింది, కొన్ని చోట్ల సముద్రం అడుగున ఉన్న నేల పైకి లేచింది. పోర్టేజ్ అనే ఊరు ఉప్పునీటి పాలైంది. ఆంకరేజ్ నుంచి సీవార్డ్ పోయే రోడ్డు పక్కన ఉప్పెక్కి చచ్చిన స్ప్రూస్ చెట్లు ఇప్పటికీ బూడిదరంగు మోళ్ళై నిలబడి ఉన్నాయి, నేను చూశాను. బెన్నీ పెరిగిన ఆశ్రమం కూడా ఆ భూకంపానికి దెబ్బతింది. పిల్లల్ని ఆంకరేజ్‌కి తరలించారు. ఖాళీ భవనం పాడుబడి, 2020లో నేలమట్టమైంది. చలించని నక్షత్రాన్ని ఒక పిల్లవాడు కాగితం మీద పెట్టిన ఇల్లు ఇవాళ లేదు.

నేలే కాదు, పేర్లు కూడా నిలవవు. ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తైన పర్వతం అలాస్కాలోనే ఉంది, 6,190 మీటర్లు. కోయూకాన్ ప్రజలకి అది మొదటినుంచీ డెనాలీ. అమెరికా ప్రభుత్వం 1917లో మెకిన్లీ అంది, 2015లో డెనాలీ అంది, 2025లో మళ్ళీ మెకిన్లీ అంది. పర్వతం కిందివాళ్ళు మాత్రం డెనాలీ అనే పిలుస్తున్నారు.

బృహద్రథుడికి ఇంత చలనం వైరాగ్యం కలిగించింది. ఇలాంటి లోకంలో భోగాలతో ఏం పని, నన్ను దాటించమని మునిని అడిగాడు. ముని ఆత్మతత్వం చెప్పాడు. దాన్ని కాదనే చదువు నాకు లేదు, కాదనాలనీ లేదు. లోపలున్నది చలించదని నాన్నగారు చెప్పగా విన్నాను, నమ్మాను. అయితే ఆ రాజుకి రాజ్యం అప్పగించడానికి ఎదిగిన కొడుకు ఉన్నాడు. అలాస్కాలో న్యూటాక్ అనే యుపిక్ ఆదివాసుల పల్లెలో తల్లికి ఆ వెసులుబాటు ఏది? కింద గడ్డకట్టి ఉన్న నేల కరిగి, నింగ్లిక్ నది గట్టు ఏటా విరిగిపడి, ఇళ్ళ దాకా వచ్చింది. వాళ్ళు నది దాటి మెర్టార్విక్ అనే మెరక మీద కొత్త ఊరు కట్టుకున్నారు. 2019లో మొదటి కుటుంబాలు వెళ్ళాయి, 2024కల్లా మిగిలినవాళ్ళూ చేరారు. కాలికింద నేల కరిగిపోతుంటే ఆ తల్లులు బిడ్డల్ని చంకనెత్తుకుని ఇంకో చోట పొయ్యి పెట్టారు. అనిత్యాన్ని వాళ్ళ కంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. ఏదీ నిలవదనడం, కాబట్టి వదిలెయ్యమనడం, ఈ రెంటి మధ్య ఒక గెంతు ఉంది. ఆ గెంతు నేను వెయ్యలేను.

అలాస్కాలో నాకు ధ్రువుడిలా కనబడినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళెవరూ తమకి ఎత్తైన చోటు కావాలని అడగలేదు. రష్యాలో లడోగా సరస్సు మీది వలాం మఠం నుంచి కొందరు సన్యాసులు 1794లో కొడియాక్ దీవికి వచ్చారు. అక్కడ రష్యన్ వర్తక కంపెనీ అలూట్, అలుటిక్ మగవాళ్ళని సముద్రపు నీటికుక్కల (సీ ఆటర్ల) వేటకి బలవంతాన తోలుకుపోయేది. సన్యాసులు అది అన్యాయమన్నారు, కంపెనీ కోపానికి గురయ్యారు. వాళ్ళలో హెర్మన్ అనేవాడు మతాధికారి కూడా కాదు, మామూలు సన్యాసి. తోటివారు కొందరు సముద్రంలో పోయారు, కొందరు తిరిగి వెళ్ళారు. ఆయన పక్కనే ఉన్న స్ప్రూస్ దీవిలో ఉండిపోయాడు. అంటురోగం వచ్చినప్పుడు రోగుల మధ్య తిరిగాడు. రోగం పోయాక మిగిలిన అనాథ పిల్లల్ని చేరదీసి, తోట వేసి తిండి పెట్టి, చదువు చెప్పించాడు. వచ్చినవాడు మళ్ళీ స్వదేశం ముఖం చూడలేదు. 1970 ఆగస్టులో కొడియాక్‌లో ఆర్థొడాక్స్ చర్చి ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది.

2025లో అదే చర్చి క్వెత్‌లుక్ పల్లెకి చెందిన ఓల్గా మైకేల్ అనే యుపిక్ ఆవిణ్ణి పునీతురాలిగా ప్రకటించింది. ఆవిడ ఆ ఊరి పూజారి భార్య, మంత్రసాని. లేనివాళ్ళకి కోట్లూ బూట్లూ కుట్టి ఇచ్చేది. 1979లో పోయింది. ఆవిడ పటం ముందు ఇవాళ దీపం పెట్టేవాళ్ళలో, ఆ చేతుల్లో పుట్టినవాళ్ళు ఉంటారు. నాకీ సంగతి చాలా గొప్పగా తోచింది. పురుడు పోసిన చేతుల్ని ఒక మతం పవిత్రమని ఒప్పుకుంది.

అనాథల లెక్క అక్కడ చాలా పెద్దది. 1918 నవంబరులో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు ఇప్పుడు బ్రెవిగ్ మిషన్ అనే పల్లెలో 80 మంది పెద్దవాళ్ళలో 72 మంది అయిదారు రోజుల్లో పోయారు. అక్కడి ఆదివాసుల హక్కుల కోసం నిలబడిన ఎలిజబెత్ పెరాట్రోవిచ్ కూడా తల్లి దగ్గర పెరగని బిడ్డే. 1911లో పుట్టింది, ట్లింగిట్ తెగ దంపతులు పెంచుకున్నారు. స్థానికులకి ప్రవేశం లేదని దుకాణాల మీద బోర్డులున్న జూనోలో, 1945 ఫిబ్రవరి 5న శాసనసభ ముందు నిలబడి మాట్లాడింది. అదే నెల 16న వివక్షను నిషేధించే చట్టం మీద గవర్నర్ సంతకం పెట్టాడు. పెంచిన దంపతుల పేరు చరిత్రలో ఒక మూల ఉంటుంది, వానమేకర్లు. వాళ్ళు ఆ రోజు ఆ పిల్లని ఎత్తుకోకపోతే ఆ చట్టం ఎవరి నోట వచ్చేదో.

అలాంటి బిడ్డ నా బడిలోనూ ఉండేది. 1977 నవంబరు 19 ఉప్పెన తరవాత నాకు దివిసీమలో కొత్తగా ఉద్యోగం. దాదాపు పదివేల మంది పోయారు. బడి అంటే కప్పు లేని గోడలు. ఒక పిల్ల ఎప్పుడూ గుమ్మం దగ్గరే కూచునేది, లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. ఇంట్లో అందర్నీ నీళ్ళు తీసుకుపోయాయి, ఒక తాడిచెట్టు దీన్ని నిలబెట్టింది. నేను పాఠం చెబుతూ దాని పక్కకి పోయి కూచునేదాన్ని, గుమ్మంలోనే. ఒకరోజు నా చీరకొంగు వేలికి చుట్టుకుంది. తరవాత చాలా రోజులు నేను లేస్తే తనూ లేచేది, కూచుంటే కూచునేది. ఆ పిల్లకి ధ్రువుడి కథ చెప్పమని ఎవరైనా అంటే నాకు నోరు పెగిలేది కాదు. దానికి కావలసినది ఆకాశంలో లేదు. అది నా కొంగు, పక్కింటి ముసలమ్మ పెట్టే గంజి, రాత్రి పక్కన ఎవరో పడుకుని ఉన్నారన్న ధైర్యం. ఇవేవీ శాశ్వతం కావు. నాకు బదిలీ అయింది. ముసలమ్మ పోయింది. ఆ పిల్ల పెద్దదై పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నది. కొంతకాలమే ఉన్నాయి కాబట్టి అవి తక్కువవని నేననుకోను. అవసరమైన రోజున అవి కదలకుండా ఉన్నాయి.

బెన్నీ తన డబ్బుతో డీజిల్ ఇంజన్ల పని నేర్చుకుని, కొడియాక్‌లో విమానాల మెకానిక్‌గా బతికాడు. 1972లో అక్కడే చనిపోయాడు. హెర్మన్ తోట వేసిన దీవి కొడియాక్ పక్కనే ఉంటుంది. ఇద్దర్నీ కలిపి ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను. ఒకడు అనాథలకి ఒడి అయ్యాడు. ఒకడు అనాథగా పెరిగి, ఊరందరికీ చూసుకోడానికి ఒక నక్షత్రం ఇచ్చాడు.

మనవరాలి ప్రశ్నకి భాగవతంలోనే జవాబుందని నా నమ్మకం. మనం కథని పట్టుదలకి ఉదాహరణగా చెప్పి, వరం దగ్గర ఆపేస్తాం. కానీ వరం పుచ్చుకున్న ధ్రువుడు సంతోషంగా ఇంటికి రాలేదు. మోక్షం ఇవ్వగలిగినవాడు ఎదురుగా ఉంటే ఒక పదవి అడిగానే అని దారంతా బాధపడ్డాడు. ఊరి పొలిమేరకి వచ్చేసరికి ఉత్తానపాదుడు రథం దిగి పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు, తలమీద ముద్దుపెట్టి కన్నీళ్ళతో తడిపేశాడు. మాట తూలిన సురుచి కూడా కాళ్ళమీద వాలిన పిల్లవాణ్ణి లేవదీసి గుండెకి హత్తుకుంది. అంటే ఒడి దొరికింది. నక్షత్రం ఇంకా ఆకాశంలో వేచి ఉంది, వాడు ఏళ్ళకేళ్ళు రాజ్యం చేశాక గానీ అక్కడికి పోలేదు. ఆ మధ్యలో తమ్ముణ్ణి యక్షుడు చంపితే కోపంతో తెగబడ్డాడు, తాత స్వాయంభువ మనువు వచ్చి చెయ్యి పట్టుకుని ఆపాడు. స్థిరత్వానికి పేరుపడ్డవాడు కూడా చలించాడు, ఇంట్లో పెద్దాయన నిలబెట్టాడు.

చివర విమానం వచ్చింది. ఎక్కిన తరవాత ధ్రువుడికి అమ్మ గుర్తొచ్చింది. దిక్కులేని అమ్మని వదిలి ఆ ఎత్తుకి ఎలా పోనని మనసు వెనక్కి లాగింది. అది గ్రహించి విష్ణుదూతలు చూపించారు: సునీతి ముందే ఇంకో విమానంలో వెళుతోంది. అమ్మ ముందు నడిచిందని చూశాకే వాడి ప్రయాణం సాగింది. కదలని చోటుకి పోయేవాడు కూడా అమ్మని చూసుకునే పోయాడు.

ఇది మనవరాలికి చెప్పాను. "అయితే డాడీ ల్యాపూ ఇచ్చాడు, అమ్మనీ ఇచ్చాడు, స్టార్ ఎక్స్‌ట్రా" అంది. దాని లెక్కతో నాకు పేచీ లేదు. మీ ఇళ్ళల్లో పిల్లలకి ధ్రువుడి కథ చెప్పేటప్పుడు వరం దగ్గర ఆపకండి. తండ్రి రథం దిగి పరుగెత్తుకొచ్చినదీ, సునీతి విమానం ముందు పోయినదీ తప్పకుండా చెప్పండి, అవి పోతన వదలకుండా చెప్పినవే. వినే పిల్లల్లో అమ్మ లేనివాళ్ళు ఉండొచ్చు. వాళ్ళు ఉంటే, కథ అయ్యాక కాసేపు పక్కనే కూచోండి.